నాలుగు విమానముల దళము

పల్లెటూరి ఆకాశమున విమానపు మ్రోత వినబడిన చాలును, చేతిలోని పని విడిచి వీథిలోనికి పరుగెత్తి, కన్నులకు చేయి అడ్డము పెట్టుకొని పైకి చూచుట మన చిన్ననాటి అలవాటు. అది ఎవరి విమానము, దానిని నడపువారెవరు అను ప్రశ్న అప్పుడు మనకు తోచలేదు. కాని నూరేండ్లకు పూర్వము ఈ దేశమున అదియే పెద్ద ప్రశ్న. భారతీయుడు యుద్ధవిమానము నడపగలడా? నడపినను, ఒక దళమునకు నాయకత్వము వహింపగలడా? మన వైమానిక దళ చరిత్ర యంతయు ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే అని మా అభిప్రాయము.

నిజమునకు మొదటి ప్రశ్నకు సమాధానము మొదటి ప్రపంచయుద్ధముననే దొరకినది. ఇంద్రలాల్ రాయ్ అను వంగదేశీయ యువకుడు బ్రిటిషు దళమున చేరి, ఫ్రాన్సు ఆకాశమున పది విజయములు సాధించి, 1918 జూలైలో పందొమ్మిదేండ్ల ప్రాయముననే వీరమరణము పొందెను. అదే యుద్ధకాలమున హైదరాబాదు నిజాము ఇచ్చిన ధనముతో బ్రిటిషు వారి 110వ స్క్వాడ్రనుకు విమానములు సమకూరినవి. దానికి హైదరాబాదు పేరే పెట్టిరి. ధనము మనది, ప్రాణము మనది. దళము మాత్రము మనది కాలేదు.

1932 అక్టోబరు 8న భారత వైమానిక దళము చట్టరీత్యా ఏర్పడెను. మొదటి స్క్వాడ్రను 1933 ఏప్రిల్ 1న కరాచీ చెంత దృగ్ రోడ్డులో ప్రారంభమైనది. దాని సంపద యెంత? వాపిటీ అను రెండు రెక్కల వరుసల పాత విమానములు నాలుగు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్‌లో శిక్షణ పొందిన భారతీయ విమానచోదకులు ఐదుగురు. హవాయీ సిపాయీలని పిలువబడిన నేల సిబ్బంది పందొమ్మండుగురు. ఆ ఐదుగురిలో ఇద్దరు అచిరకాలములోనే విమానప్రమాదమునకు బలియైరి. మిగిలినవారిలో ఒకడైన సుబ్రతో ముఖర్జీయే, 1954 ఏప్రిల్ 1న మన వైమానిక దళమునకు తొలి భారతీయ అధిపతి యయ్యెను. రెండవ ప్రశ్నకు పూర్తి సమాధానము రావలెనన్న ఇరువదియొక్క సంవత్సరములు పట్టినది.

ఈ నడుమ బర్మా యుద్ధము వచ్చినది. 1942లో మొదటి స్క్వాడ్రను కరుణ్ కృష్ణ మజుందార్ నాయకత్వమున బర్మాకు పోయెను. వారికి ఇచ్చిన లైసాండరు విమానములు సైన్యమునకు తోడుగా శత్రువుల జాడ తీయుటకు ఉద్దేశింపబడినవే కాని బాంబులు వేయుటకు కాదు. జపాను వారు తమ స్థావరముపై దాడి చేయగా, మజుందార్ ఆ నెమ్మది విమానములకే బాంబులు తగిలించి, సయాము సరిహద్దులోని శత్రు విమానాశ్రయముపై ఎదురుదాడికి పూనుకొనెను. ఆ సాహసికుడు 1945లో లాహోరున విమాన విన్యాసము చేయుచు మరణించెను.

1947లో దేశముతో పాటు దళమును చీలినది. ఒక్క భోజనశాలలో తిన్నవారు ఎదురెదురు జెండాల క్రిందికి పోవలసి వచ్చెను. హైదరాబాదున జన్మించిన ఇద్రిస్ హసన్ లతీఫ్‌కు పాకిస్తాను దళములో చేరుమని పిలుపు వచ్చినది. ఆయన భారతదేశమునే ఎంచుకొనెను. 1978లో మన వైమానిక దళాధిపతి యయ్యెను.

విభజన గాయము మానకముందే, అక్టోబరు 27న, డకోటా విమానములు సైనికులతో శ్రీనగరమున దిగినవి. వానిలో ప్రైవేటు కంపెనీల విమానములు కూడ కలవు. మరుసటి మే నెలలో మెహర్ సింగ్, గాలి పీడనము నిలుపు ఏర్పాటైనను లేని డకోటాను హిమశిఖరముల మీదుగా నడిపి, లద్దాఖు ఇంజనీరు సోనమ్ నోర్బు సిద్ధపరచిన ఇసుక మైదానముపై లేహ్‌లో దింపెను.

ఇక వీరులను గూర్చి చెప్పునప్పుడు సాధారణముగా మరువబడు ఒక కథ కలదు. యుద్ధము ముగిసిన పిదప లిబరేటరు అను అమెరికా బాంబరులను, మరల ఎవరికిని పనికిరాకుండ పాడుచేసి, కాన్పూరులో వదలిపోయిరి. కొత్త బాంబరులు కొనుటకు మనకు ధనము లేదు. బెంగుళూరు హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారపు పనివారు ఆ తుక్కుకుప్పను పరిశీలించి, ఒకదాని భాగము మరొకదానికి అమర్చి, ఎగురగల స్థితికి తెచ్చిరి. జంషెడ్ మున్షీ అను చోదకుడు ఆ అతుకుల విమానములను ఒక్కొక్కటిగా బెంగుళూరునకు నడిపికొనిపోయెను. అచట వానికి పూర్తి మరమ్మతు జరిగినది. 1948 నవంబరు నుండి 1968 వరకు అవి మన దళమున పనిచేసినవి. తరువాత వానిలో కొన్ని బ్రిటను, అమెరికా, కెనడా దేశముల మ్యూజియములకు చేరినవి. ఎవరు తుక్కని త్రోసివేసిరో వారికే అవి అపురూప వస్తువులైనవి!

అటుపై వృద్ధి వేగముగా సాగినది. 1948లోనే వాంపైరు జెట్ విమానములు వచ్చినవి. పిమ్మట తూఫానీ, హంటర్, న్యాట్ వచ్చినవి. 1965 యుద్ధమున చిన్నదైన న్యాట్ తన శక్తి చూపినది. 1971 డిసెంబరు 14న శ్రీనగరముపై ఒంటరిగా పోరాడి నేలకొరిగిన నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్‌కు పరమవీరచక్రము లభించెను. వైమానిక దళమున ఆ గౌరవము పొందినవాడు ఆయన ఒక్కడే. 1963లో ప్రవేశించిన మిగ్-21, అరువది రెండేండ్ల సేవానంతరము 2025 సెప్టెంబరున విశ్రమించినది.

మన హైదరాబాదు చెంత దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీలో 2016 జూన్ 18న ముగ్గురు యువతులు తొలి మహిళా యుద్ధవిమాన చోదకులుగా పట్టము పొందిరి. వారిని గూర్చియు ‘నడపగలరా?’ అను ప్రశ్నయే వినబడినది. 1933లో వినబడిన ప్రశ్న అదే కదా!

ఐనను మనకు ఒక ప్రశ్న మిగిలియున్నది. 1961 జూన్‌లో మొదట ఎగిరిన మన మారుత్ విమానమునకు ఆకారము చక్కనిదే కాని, తగిన బలము గల ఇంజను దొరకలేదు. నేటి తేజస్ మన దేశమున నిర్మింపబడినదే. దాని ఇంజను మాత్రము అమెరికా నుండి వచ్చుచున్నది. విమానము నడపుట నేర్చితిమి, దళమును నడపుట నేర్చితిమి. విమానమునకు గుండెకాయ వంటి ఇంజనును చేయుట ఇంకను నేర్వవలసియున్నది. ఆ పని ఆకాశమున జరుగునది కాదు. నేలపైన, కర్మాగారములలో, కళాశాలలలో జరుగవలసినది. నాటి పందొమ్మండుగురు సిపాయీలకును, కాన్పూరు తుక్కును కదలించిన పనివారికిని నిజమైన వారసులు అక్కడనే కావలెను. ఈసారి తలపై విమానపు మ్రోత వినబడినప్పుడు మనము తల యెత్తి చోదకుని తలచుకొందము. నేలపై నిలిచి దానిని ఎగురజేసిన చేతులను కూడ తలచుకొందము.