రాడ్లీల ఇంటి అరుగు

1960వ సంవత్సరం ఏప్రిల్ 1వ తేదీన మా సత్యవేడు ప్రాంతం మదరాసు రాష్ట్రంలోని చెంగల్పట్టు జిల్లా నుండి విడివడి, ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో చేరినది. తిరుత్తణి అటు పోయినది, సత్యవేడు ఇటు వచ్చినది. ఎవరు తెలుగువారు, ఎవరు అరవవారు అన్న వాదం మా పెద్దల నోట ఆ తరువాత కూడ చాలాకాలం నలిగినది. ఆ ఏడే జూలై మాసంలో అమెరికాలో ఒక నవల వెలువడినది. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ నవల చదివినప్పుడల్లా నాకు మా ఊరే కనబడుతుంది గనుక, రెండింటినీ ఒక్క ఊపిరిలో చెప్పినందుకు శ్రోతలు మన్నింతురు గాక.

ఆ నవల పేరు ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. మాకింగ్‌బర్డ్ అనగా ఇతర పక్షుల కూతలను అనుకరిస్తూ పాడే ఒక పిట్ట. ఎవరి తోటకూ, ఎవరి గాదెకూ కీడు చేయని అటువంటి ప్రాణిని చంపడం ఎంత పాపమో పేరులోనే ధ్వనిస్తున్నది. రచయిత్రి హార్పర్ లీ 1926లో అలబామా రాష్ట్రంలోని మన్రోవిల్ అనే చిన్న పట్టణంలో జన్మించి, 2016లో మరణించినారు. ఈ నవలకు 1961లో పులిట్జర్ బహుమానం లభించినది. మరుసటి సంవత్సరం గ్రెగరీ పెక్ నటించిన చలనచిత్రం కూడ వచ్చినది.

కథ 1930 దశకంలో, మేకోంబ్ అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది. చెప్పేది స్కౌట్ అనే బాలిక. కథారంభంలో ఆమెకు ఇంకా ఆరేండ్లు నిండలేదు. ఆమెకు జెమ్ అనే అన్న, వేసవి సెలవులకు వచ్చే డిల్ అనే స్నేహితుడు ఉన్నారు. తల్లి లేదు. తండ్రి ఆటికస్ న్యాయవాది. ఇంట వంట చేసే కల్పూర్నియా నల్లజాతి స్త్రీ. అదే వీధిలో రాడ్లీల ఇల్లున్నది. ఆ ఇంటి చిన్నకొడుకు బూ ఏండ్ల తరబడి బయటికి రాలేదు. చూడని మనిషి గనుక పిల్లలు అతనిని దయ్యాన్ని చేసుకొన్నారు. ఇంతలో టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలి ఒక తెల్లపిల్లను చెరచినాడని నేరం మోపబడుతుంది. అతని పక్షాన ఆటికస్ వాదిస్తాడు.

ఈ వ్యాజ్యం సంగతి లోకమంతా చెప్పుకొంటుంది. నాకు మాత్రం అంతకు ముందే వచ్చే ఒక భోజన ఘట్టం ఎక్కువ ఇష్టం. వాల్టర్ కన్నింగ్‌హామ్ అనే పేదరైతు బిడ్డను జెమ్ మధ్యాహ్నం భోజనానికి పిలుచుకొని వస్తాడు. ఆ పిల్లవాడు బెల్లపు పాకం వంటిదొకటి అడిగి, కూరల మీదా మాంసం మీదా ధారగా పోసుకొంటాడు. స్కౌట్ ఊరకుండలేక అదేమి తిండి అని అడుగుతుంది. ఆ పిల్లవాడు సిగ్గుతో చేతులు ముడుచుకొంటాడు. వెంటనే కల్పూర్నియా స్కౌట్‌ను వంటింటిలోనికి పిలిచి గట్టిగా చీవాట్లు పెడుతుంది. ఇంటికి వచ్చినవాడు ఎవరైనా అతిథియే గదా! ఈ పాఠం చెప్పినది న్యాయవాదియైన తండ్రి కాదు, వంటమనిషి. ఆ వంటమనిషిని మాత్రం ఆ పట్టణంలో ఏ తెల్లవారూ తమ బల్లవద్ద కూర్చుండబెట్టరు. రచయిత్రి ఈ సంగతిని ఎత్తి చూపదు. మనమే గ్రహించుకోవలెను.

న్యాయస్థానంలో ప్రాసిక్యూటరు టామ్‌ను ప్రశ్నిస్తున్నప్పుడు డిల్ వెక్కి వెక్కి ఏడ్చి బయటికి పోతాడు. అతనిని ఏడిపించినది వ్యాజ్యపు ఫలితం కాదు, అదింకా తేలనే లేదు. పెండ్లాం పిల్లలున్న మనిషిని ఆ ప్రాసిక్యూటరు కుర్రవాణ్ణి పిలిచినట్లు పిలిచిన తీరు ఆ పిల్లవానికి కడుపులో దేవినది. స్కౌట్‌కు అది మామూలుగానే తోచినది.

ఇక్కడ నేను నా సంగతి చెప్పక తప్పదు. సత్యవేడు దగ్గరి మా పల్లెలో మా తోటకు కావలి ఉండినవాడు ఒక యానాది ముసలివాడు. గుడిసె చెరువుకట్ట మీద. కోతలైన మళ్ళలో కుండతో పొగపెట్టి ఎలుకలను పట్టేవాడు, కలుగులోని ధాన్యం తవ్వి తీసుకొనేవాడు. నాకు తేలు కుట్టినప్పుడు ఏదో ఆకు పసరు రాసి, తెల్లవారే దాకా మా అరుగు కింద, మట్టిలో కూర్చున్నాడు. అరుగు మీదికి రమ్మని ఎవరూ అనలేదు. నాకు ఏడేండ్లు, అతనికి అరువది దాటినవి. నేను ‘ఒరే’ అని పిలిచేవాడిని. అతడు ‘సామీ’ అని పలికేవాడు. నేను డిల్‌ను కాను, స్కౌట్‌ను. నాకు అది మామూలే.

ఒకనాడు ఇంట ఇత్తడి చెంబు పోయినది. నేనే ఆడుకొంటూ బావిలో జారవిడిచినాను. భయపడి చెప్పలేదు. ఊరంతా యానాదినే అనుమానించినది. మా నాయన దుర్మార్గుడు కాడు. కొట్టబోయినవారిని ఆపినాడు. ఇక కావలికి రావద్దని మాత్రం అన్నాడు. వారంలోగా గుడిసె ఖాళీ అయినది. ఆ వేసవిలో బావి పూడిక తీయించగా చెంబు బయటపడినది. నాయన దానిని కొంతసేపు చూచి, చింతపండుతో తోమమని అమ్మ చేతికి ఇచ్చినాడు. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

కనుకనే పసితనమంటే మచ్చలేనితనమని ఎవరైనా అంటే నాకు సందేహం. హార్పర్ లీకి కూడ ఆ భ్రమ లేదు. ఆమె పిల్లలు బూ రాడ్లీని ఆటపట్టించినవారే. బడిలో హిట్లరు యూదులను హింసించడం అన్యాయమని బోధించిన పంతులమ్మ, న్యాయస్థానం మెట్లు దిగుతూ నల్లవారికి ఈ పాఠం తగినదే అంటుంది. ఆ రెండు మాటలకూ పొత్తు ఎట్లు కుదిరినదా అని స్కౌట్ తికమకపడుతుంది. ఆ తికమకయే ఆమెకు నిజమైన చదువు.

న్యాయస్థానంలో టామ్ ఎడమచేయి పత్తి యంత్రంలో పడి చచ్చుబడినదని అందరికీ కనబడుతూనే ఉన్నది. సాక్ష్యమంతా అతని వైపే ఉన్నది. కాని అతడు ఒక తప్పు చేసినాడు. దిక్కులేని ఆ తెల్లపిల్లకు పనులలో ఎందుకు సాయపడినావని అడిగితే, ఆమెను చూచి జాలివేసినదన్నాడు. జాలి ఎప్పుడూ పైనుండి కిందికే దిగవలెనన్నది లోకం పెట్టుకొన్న కట్టు. కిందివాడు పైవారి మీద జాలిపడితే అది ధిక్కారమవుతుంది. న్యాయనిర్ణేతలు అతనిని దోషి అన్నారు. అరుగు కింద తెల్లవారిన ఆ రాత్రి ఏమిటో, ఈ పుట చదివిన నాడుగాని నాకు తెలియలేదు.

మన దేశంలో 1871లో చేసిన నేరజాతుల చట్టం పుట్టుకనే నేరం చేసినది. యానాదులలో కొందరిని కూడ అందులో చేర్చినారు. నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలో సెటిల్‌మెంటు పెట్టినారు. వెన్నెలకంటి రాఘవయ్యగారి వంటివారు పోరాడగా పోరాడగా ఆ చట్టం మదరాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952లోను రద్దయినది. మా చెంబు పోయినది అటు తరువాత మూడు దశాబ్దాలకు. చట్టం పోయినా చూపు పోలేదు.

నవల చివర స్కౌట్, తమ ప్రాణాలు కాపాడిన బూను ఇంటికి దిగబెట్టి, రాడ్లీల అరుగు మీద నిలుచుండి తమ వీధిని చూస్తుంది. అన్నాళ్ళూ చెట్టుతొర్రలో తమకు బహుమతులు పెట్టిన ఆ మనిషికి తాము ఎట్లు కనబడి ఉంటారో అప్పుడు తెలుస్తుంది. ఇంత అందమైన ముగింపు అరుదు. అయినా ఒక లోటు చెప్పవలెను. మనం రాడ్లీల అరుగెక్కినాము గాని, టామ్ రాబిన్సన్ గుడిసె వాకిట నిలుచుండి ఆ పట్టణాన్ని చూడలేదు. చెరసాలనుండి పారిపోతుండగా అతనిని కాల్చివేసిన వార్త కూడ ఇతరుల నోటనే వింటాము. మన చిత్తూరు జిల్లావారే అయిన కేశవరెడ్డిగారు ‘చివరి గుడిసె’ నవలలో యానాదుల గుడిసెనే కథకు నడుమ నిలిపినారు. ఈ రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చదువుకొనవలెనని నా మనవి.

గత సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఆ చెరువుకట్ట ఎక్కినాను. గుడిసె ఉండిన చోట తుమ్మలు మొలిచినవి. అక్కడినుండి మా అరుగు స్పష్టంగా కనబడుతుంది. ఇంత దగ్గరని నేను అనుకోలేదు. ఆ ముసలివాని కూతురు బిడ్డ శ్రీసిటీలో ఏదో కర్మాగారానికి పనికి పోతున్నాడని ఊరిలో ఒకరు చెప్పినారు. ఏ కర్మాగారమో వారికి తెలియదు. ఈసారి పోయినప్పుడు విచారించవలెను.