బాకీకి కాలదోషం పట్టనివ్వకండి



నేను ఉర్దూ బడి పంతులును, వకీలును కాను. అయినా మా నాన్నగారి బట్టల కొట్టు ఎందుకు మూతపడిందో ఈనాడు మీకు చెప్పాలి. అరువిచ్చిన వాళ్ళంతా తెలిసినవాళ్ళే. మొహమాటంకొద్దీ అడగలేకపోయారు. తీరా వకీలు దగ్గరికి పోతే ఆయన ఖాతా పుస్తకం చూసి, "సాయిబుగారూ, వీటికి కాలదోషం పట్టింది, దావా నిలవదు" అన్నాడు.

1963 కాలపరిమితి చట్టం ప్రకారం అరువు సరుకుకైనా, ప్రామిసరీ నోటుకైనా దావా గడువు మామూలుగా మూడేళ్ళే. ఆలోగా బాకీదారు కొంత చెల్లిస్తే, నోటు వెనుక చెల్లు రాయించి సంతకం తీసుకోండి. ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. "ఇస్తాలే భాయ్" అన్న నోటిమాటకు గడువు పెరగదు.

చెక్కు తిరిగొస్తే ఇంకా త్వరపడాలి. బ్యాంకు ఆ సంగతి తెలిపిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో సొమ్ము రాకపోతే, ఆపైన నెలలోగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయాలి.

ఖర్చుకు జంకేవారికి లోక్ అదాలత్ ఉంది. అక్కడ కోర్టు ఫీజు లేదు. ఇరుపక్షాలూ రాజీపడితే ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానం.

బాకీని రాసుకోమనీ, ఇబ్బందుల్లో ఉన్నవాడికి గడువివ్వమనీ రెండూ ఖురాన్ బఖరా సూరాలోనే ఉన్నాయి. కాబట్టి గడువు తప్పక ఇవ్వండి. కాని కాగితం మీద, సంతకంతో ఇవ్వండి. మా నాన్నగారు చేయలేకపోయింది అదొక్కటే.