గడ్డివామి దగ్గరికి వెళ్లండి

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ పశువైద్యులారా!

మీలో కొందరికి మొదటి ఉద్యోగం అనంతపురం వైపు పల్లెల్లో రావచ్చు. అక్కడ ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. వేరుశనగ ఎండిపోయిన ఏడు రైతుకు కాయా దక్కదు, పశువుకు వేసే కట్టే దక్కదు. మేత లేక అందరూ ఒకేసారి పశువులను సంతకు తోలుకురావడంతో ధర పడిపోతుంది. వానలు పడ్డాక మళ్లీ ఒక ఆవును కొనాలంటే అప్పు చేయాల్సిందే. కరవు వెళ్లిపోయినా ఆ అప్పు పోదు.

కోతలు కాగానే రైతు గడ్డివామి దగ్గరికి వెళ్లండి. 300 కిలోల ఆవుకు రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత కావాలి, అంటే నెలకు దాదాపు 2 క్వింటాళ్లు. రెండు పశువులతో మూడు నెలల ఎండాకాలం గడవాలంటే 12 క్వింటాళ్లు. అంత లేదని జనవరిలోనే తేలితే నలుగురూ కలిసి లారీ మాట్లాడుకుని గడ్డి తెచ్చుకుంటారు. మే నెలలో తేలితే మిగిలేది సంతే. కోత మిషన్ వెళ్లాక వరిగడ్డిని పొలంలోనే తగలబెట్టే ఊళ్లున్న మన రాష్ట్రంలో, మేత లేక పాడి ఆవును అమ్ముకోవడం నాకు మింగుడుపడదు.

వంద కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు. వరిగడ్డిని యూరియాతో మాగబెట్టే ఈ పద్ధతి పరీక్షలో మీరంతా రాసిందే. రైతు ముంగిట్లో మీ చేతులతో చేసి చూపించండి. కొలత తప్పితే యూరియా విషమవుతుందనీ, ఆరు నెలల లోపు దూడలకు ఆ గడ్డి వేయకూడదనీ అక్కడే చెప్పండి.

బెట్టకు వాడిన లేత జొన్న మేసిన పశువు నిమిషాల్లో కుప్పకూలుతుంది. దానికి విరుగుడైన సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మీ సంచిలో ఎప్పుడూ ఉండాలి. ఆకలిగొన్న పశువును ఆపలేకపోయిన రైతును ఆ క్షణంలో దయచేసి మందలించకండి.

వాన పడ్డాక లేత పచ్చిక మేసిన గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. టీకా అంతకు ముందే పడాలి, కానీ అప్పటికి మందలు మేత కోసం వలసపోయి ఉంటాయి. కాబట్టి కాపరుల ఫోన్ నంబర్లు, వాళ్లు వెళ్లే దారులు, తిరిగొచ్చే నెల ముందే రాసిపెట్టుకోండి. మంద ఊరు చేరిన రోజే టీకా వేయండి.