గట్టిపడని జెల్లీ
(కిరండూల్‌లో మన సిబ్బంది కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా ఒక వంట గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. పండ్లతో జెల్లీ చేసి తెచ్చాను. ఇది బాగానే కుదిరింది. కానీ ఈ ఊరొచ్చిన కొత్తలో నేను చేసిన మొదటి జెల్లీ కుదరలేదు. ముందు దాని సంగతి చెప్పనివ్వండి. నాకు తెలిసినదంతా దాని దగ్గరే నేర్చుకున్నాను.

మావారికి ఇక్కడికి బదిలీ అయిన మొదటి వానాకాలం. మా పాప పుట్టినరోజు. విశాఖ నుంచి కె.కె. లైన్ బండిలో వస్తూ దారిలో అరకు దగ్గర రెండు అనాసపళ్ళు కొన్నాం. బండంతా ఒకటే వాసన. విశాఖలో కొన్న జెలటిన్ పొడి ప్యాకెట్ సంచిలో ఉండనే ఉంది. పుట్టినరోజు ముందు రాత్రి పచ్చి అనాస ముక్కలు, రసం, చక్కెర, జెలటిన్ కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. తెల్లారి చూస్తే నీళ్ళు. సాయంత్రం దాకా ఆగినా నీళ్ళే. చివరికి దాన్ని పారబోసి, పిల్లలకు రవ్వకేసరి చేసి పెట్టాను.

ఆ రోజు పిలిచినవాళ్ళలో మా పక్కింటి పిన్నిగారు కూడా ఉన్నారు. విజయనగరం వైపు నుంచి వచ్చి చాలా ఏళ్ళుగా ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం. ఆవిడ కోడిగుడ్డు కలిసిన కేకు కూడా ముట్టరు. "పండ్ల జెల్లీ చేస్తున్నాను పిన్నిగారూ, అది మీరు తినొచ్చు" అని నేనే ముందురోజు గొప్పగా చెప్పి వచ్చాను.

మర్నాడు, ఎందుకు గట్టిపడలేదా అని ఖాళీ ప్యాకెట్ తీసి చదివాను. చదువుతుంటే మూలన గోధుమరంగు గుర్తు కనిపించింది. అంటే మాంసాహారం. జెలటిన్ అంటే పశువుల ఎముకలు, చర్మం ఉడికించి తీసే పదార్థమని అప్పటిదాకా నాకు తెలియదు. జెల్లీ అంటే పండు, చక్కెర, రంగు అనే అనుకున్నాను.

నాకు చెమటలు పట్టాయి. అది గట్టిపడి ఉంటే పిన్నిగారికి నా చేత్తో నేనే వడ్డించేదాన్ని. ఆవిడ నా మాట నమ్మి తినేవారు. వంట చెడిపోవడమే ఆ రోజు నన్ను కాపాడింది.

చెప్పాలా, ఊరుకోవాలా? ఎవరూ తినలేదు కదా అని ఊరుకోవచ్చు. కానీ "మీరు తినొచ్చు" అన్న మాట నేనన్నదే. సాయంత్రం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "తెలియక చేశావు, తెలిశాక చెప్పావు. ఇంకేం కావాలమ్మా? ఈసారి నేను తినేది చెయ్యి" అన్నారు.

ఆ 'నేను తినేది' కోసం వెతికితే దొరికిందే చైనా గ్రాస్. అగర్ అగర్ అన్నా ఇదే. పేరులో గడ్డి ఉన్నా, ఇది సముద్రపు నాచు నుంచి తీసేది. జపాన్‌లో వందల ఏళ్ళుగా వాడుతున్నారు. మన బైలదిల్లా ఇనుప రాయి 1960లలో ఇక్కడి నుంచి విశాఖ మీదుగా జపాన్‌కే బయలుదేరింది. మన కొండ వాళ్ళకు చేరింది, వాళ్ళ నాచు మన వంటింటికి చేరింది అనుకుంటే నాకు సరదాగా ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అనాస జెల్లీ ఎందుకు గట్టిపడలేదు? మాంసం వండేవాళ్ళకు జవాబు తెలుసు. ముదురు మాంసం ఉడకకపోతే పచ్చి బొప్పాయి ముక్క వేస్తాం కదా. బొప్పాయిలో మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైమ్ ఉంది. అనాసలోనూ అలాంటిదే ఉంది, దాని పేరు బ్రొమెలైన్. పచ్చి అనాస ఎక్కువగా తింటే నాలుక చురుక్కుమనడంలో దానికీ పాత్ర ఉంది. జెలటిన్ కూడా మాంసకృత్తే. అందుకే పచ్చి అనాస దాన్ని గట్టిపడనివ్వదు. బొప్పాయి, కివి, తాజా అంజూర, పచ్చి అల్లం కూడా అంతే. ముక్కలను చక్కెరతో ఐదు నిమిషాలు బాగా మరిగించి చల్లారిస్తే ఆ గుణం పోతుంది. డబ్బాలో వచ్చే అనాస ముందే వేడి చేసినది కాబట్టి దానితో ఇబ్బంది లేదు. చైనా గ్రాస్ మాంసకృత్తు కాదు కనుక పచ్చి అనాస దాన్ని ఏమీ చేయలేదు.

ఇంకో తేడా ఉంది. జెలటిన్ జెల్లీ మన ఎండాకాలపు వేడికే కరిగిపోతుంది. చైనా గ్రాస్ మామూలు గది వేడిలోనే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగడానికి దాదాపు 85 డిగ్రీలు కావాలి. కరెంటు పోయినా భయం లేదు.

ఈ సంగతి ప్రయోగశాలకు నేర్పింది కూడా ఒక గృహిణే. ఆవిడ పేరు ఫ్యానీ హెస్సే. 1881లో జర్మనీలో ఆవిడ భర్త, రాబర్ట్ కోచ్ ప్రయోగశాలలో సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచుతుంటే వేసవి వేడికి అది కరిగిపోయేది. ఇంట్లో నువ్వు చేసే జెల్లీలు ఎందుకు కరగవు అని భార్యను అడిగాడు. అందులో వేసేది అగర్ అని ఆవిడ చెప్పింది. జావాలో ఉండి వచ్చిన పొరుగువారి దగ్గర ఆవిడ అది నేర్చుకుంది. ఈ రోజుకీ ల్యాబుల్లో సూక్ష్మజీవులను పెంచేది అగర్ మీదే. 1882లో కోచ్ క్షయ క్రిమి గురించి రాసినప్పుడు అగర్ పేరు చెప్పాడు కానీ, ఆవిడ పేరు చెప్పలేదు. మనమైనా చెప్పుకుందాం.

ఇక చేసే విధానం. పది గ్రాముల చైనా గ్రాస్ పోగులను కత్తెరతో కత్తిరించి, రెండు గ్లాసుల నీళ్ళలో అరగంట నానబెట్టండి. గ్లాసంటే 200 మిల్లీలీటర్లు. అదే నీటిలో సన్నని సెగ మీద, ఒక్క పోగు కూడా కనబడనంత వరకు మరిగించండి. ఆరు చెంచాల చక్కెర వేసి, కరిగాక వడకట్టి, పొయ్యి మీద నుంచి దించండి. అప్పుడు రెండు గ్లాసుల బత్తాయి రసం కలపండి. రెండు జాగ్రత్తలు. పులుపు రసాన్ని చైనా గ్రాస్‌తో కలిపి మరిగించకూడదు, పట్టు తగ్గిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లని రసం పోయకూడదు, వెంటనే ఉండలు కడుతుంది. తడి చేసిన గిన్నెలో దానిమ్మ గింజలు, ద్రాక్ష, మామిడి ముక్కలు, ఎండాకాలమైతే తాటిముంజెలు వేసి, పైన పోయండి. గంటలో గట్టిపడుతుంది. చల్లగా కావాలంటే తరవాత ఫ్రిజ్‌లో పెట్టండి.

తీపి వద్దనుకునేవారికి సలాడ్. ఐదు గ్రాముల చైనా గ్రాస్ ఒకటిన్నర గ్లాసు నీళ్ళలో కరిగించి దించి, ఉప్పు, మిరియాల పొడి, ఒక నిమ్మకాయ రసం కలపండి. గిన్నె అడుగున పలుచగా పోసి, దాని మీద ఉడికించిన క్యారెట్ చక్రాలు పేర్చండి. మిగతాది గడ్డకట్టకుండా వేడినీళ్ళ గిన్నెలో ఉంచండి. అడుగు పొర కాస్త పట్టుకున్నాక, నీరు పిండేసిన కీరదోస తురుము, దానిమ్మ, కొత్తిమీర మిగతా దాంట్లో కలిపి పోయండి. గట్టిపడ్డాక అంచు వెంట చాకు తిప్పి పళ్ళెంలో బోర్లిస్తే క్యారెట్ చక్రాలు పైకి వస్తాయి. పక్కన చిక్కటి పెరుగు పెట్టండి.

జెలటిన్ తినేవాళ్ళు నిక్షేపంగా వాడుకోవచ్చు. నోట్లో కరిగే ఆ మెత్తదనం చైనా గ్రాస్‌కు రాదు, ఇది కాస్త కొరికినట్టు ఉంటుంది. లీటరుకు 15 గ్రాముల జెలటిన్ చల్లని నీటిలో ఉబ్బనిచ్చి, వేడి రసంలో కరిగించాలి. మరిగించకూడదు. నాలుగైదు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఏ జెల్లీ అయినా పసిపిల్లలకు ముక్కలుగా ఇవ్వకండి, చెంచాతో నలిపి పెట్టండి. గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది.

చివరగా ఒక్క మాట. ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంటే శాకాహారం. గోధుమరంగు గుర్తు మాంసాహారానికి. అది ఒకప్పుడు చుక్క, ఇప్పుడు త్రిభుజం. మార్ష్‌మెల్లోలు, పిల్లల గమ్మీ మిఠాయిలు కొనేటప్పుడు కూడా చూడండి. మన బదిలీ బతుకుల్లో పక్కింట్లో ఎవరుంటారో, వాళ్ళు ఏం తింటారో, ఏం తినరో ముందే తెలియదు. మన మీద నమ్మకంతోనే చెయ్యి చాపుతారు. ఖాతాదారు పాస్‌బుక్ మనకు ఇచ్చేది కూడా ఆ నమ్మకంతోనే కదా. పెట్టే ముందు చదువుదాం. తప్పు జరిగితే మనమే వెళ్ళి చెబుదాం.

ఈ గిన్నెలో ఉన్నది చైనా గ్రాస్, బత్తాయి రసం, చక్కెర, పచ్చి అనాస ముక్కలు. ఇంకేమీ లేవు. ఇంటి నుంచి బయలుదేరే ముందు మొదటి ముక్క పిన్నిగారికే పెట్టాను. "చక్కెర కాస్త ఎక్కువైంది" అన్నారు. మీరూ తిని ఎలా ఉందో చెప్పండి.