ఆర్కిడ్‌కు కత్తెర ఎప్పుడు వేయాలి?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో పెంచే ఆర్కిడ్‌ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. 34 ఏళ్లు లెక్కల విభాగంలో గడిపినవాణ్ణి. చేసిన తప్పులోంచి నేర్చుకున్నదే మనవి చేస్తాను.

నేను రిటైరైన ఏడాది మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఒక డెండ్రోబియం మొక్క తెచ్చి వాళ్లమ్మకిచ్చింది. ఊదారంగు పూలు నెలకు పైగా నిలిచాయి. అవి రాలాక చూస్తే, ఆకుల్లేని ముసలి కాడలు మూడున్నాయి. గులాబీలకు కొమ్మలు కత్తిరించే అలవాటు కదా, దీనికీ అంతేననుకుని మొదలంటా కోసేశాను.

"ఆకు లేదని కోసేశారా? రిటైరయ్యారని మిమ్మల్నెవరైనా ఇంట్లోంచి పంపేశారా?" అంది మా ఆవిడ. నవ్వి ఊరుకున్నాను. మరుసటి ఏడు మొక్క బక్కచిక్కిపోయింది. ఒక్క పువ్వూ లేదు.

తర్వాత తెలిసింది. ఆకు రాలినా పచ్చగా, గట్టిగా ఉన్న కాడ ఆ మొక్కకు గాదె వంటిది. నీరు, ఆహారం అందులోనే దాచుకుంటుంది. కొత్త పిలకను పోషించేది అదే. ఒక్కోసారి ఆ ముసలి కాడే మళ్లీ పూస్తుంది. కనుక డెండ్రోబియానికి ఎండిన పూలరెమ్మను మాత్రం తీయండి. కాడ పూర్తిగా గోధుమరంగుకు తిరిగి, ఎండి బోలుగా అయితేనే కోయండి.

సీతాకోకచిలుకల్లాంటి పూలు పూసే ఫెలనాప్సిస్ పద్ధతి వేరు. పూలన్నీ రాలాక రెమ్మ పచ్చగానే ఉంటే, కింది నుంచి రెండో, మూడో కణుపుకు అర అంగుళం పైన కోయండి. రెండు మూడు నెలల్లో అక్కడి నుంచి మళ్లీ పూయవచ్చు. రెమ్మ ఎండినా, మొక్క నీరసంగా ఉన్నా, రెమ్మను మొదలుకు కోసి విశ్రాంతినివ్వండి.

కుండీ బయటకు వేలాడే వేళ్లు తెల్లగా, గట్టిగా ఉంటే ముట్టుకోవద్దు. గాలిలోని తేమ పీల్చేవి అవే. కుళ్లి మెత్తబడినవాటిని, కుండీలో బొగ్గు, కొబ్బరిడొక్క ముక్కలు మార్చేటప్పుడు తీసేయండి.

ముఖ్యమైన మాట: ఒక మొక్కను కోసిన బ్లేడును మంట మీద కాల్చి, చల్లార్చిన తర్వాతే రెండో మొక్కను ముట్టండి. ఆర్కిడ్‌లకు వచ్చే వైరస్ రసంతో పాటు కత్తెర మీదే ప్రయాణిస్తుంది. దానికి మందు లేదు. కోసిన చోట కాస్త దాల్చినచెక్క పొడి అద్దండి. వేళ్లకు మాత్రం తగలనీయవద్దు, ఎండిపోతాయి.

మా మొక్క కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు దానికి తొమ్మిది కాడలు. నాలుగింటికి ఆకు లేదు. పోయిన శ్రావణంలో ఆ నాలుగింట్లో ఒకటి ఏడు పూలు పూసింది. మా ఆవిడ నన్ను పిలిచి, "చూడండి, పెన్షనరు పూశాడు" అంది.

కత్తెర తీసే ముందు కాడను ఒకసారి వేలితో నొక్కి చూడమని నా ప్రార్థన. సెలవు.