సీసా అడుగున మిగిలే మందు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు మన కళ్లముందే మారిపోయాయి. మేడ్చల్‌లో నెలకొన్న శాంతా బయోటెక్నిక్స్ వారి హెపటైటిస్-బి టీకా 1997లో విడుదలైంది. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ వెలిసింది. మా అల్లుడు ఆ దారిలోనే ఒక మందుల ప్రయోగశాలలో పనిచేస్తాడు. అక్కడ బల్లమీద ఉండే చిన్న మిక్సరు గురించి అతన్ని అడిగి తెలుసుకున్న సంగతులు మనవి చేస్తాను. ఫైళ్లు రాసుకున్నవాడికి మిక్సర్లతో పనేమిటని నవ్వకండి. మన మందుల సీసాతో దీనికి సంబంధం ఉంది.

రాగిపిండిని మరిగే నీళ్లలో ఒక్కసారిగా పోస్తే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఉండ పైపొర తడిసి జిగురు కడుతుంది, లోపలి పిండి పొడిగానే ఉండిపోతుంది. ఇక ఎంత తిప్పినా నీరు లోపలికి పోదు. ద్రవమందు చిక్కబడడానికి వేసే జిగురుపొడిదీ అదే తంతు. ఆ ఉండలను విడగొట్టేందుకే ఈ మిక్సరు. కడ్డీ చివర చీలికలున్న చిన్న గొట్టం, దాని లోపల తిరిగే చక్రం, రెంటి మధ్యా సన్నని సందు. చక్రం నిమిషానికి 20 వేల చుట్ల దాకా తిరుగుతూ ద్రవాన్ని అడుగునుంచి లాగి చీలికల గుండా చిమ్ముతుంది. ఆ కోతకు ఉండ చీలిపోతుంది. మన కవ్వానికి తమ్ముడే అనుకోండి, వేగమే వేరు.

అయితే ఉండలు పోయినంత మాత్రాన పొడి కరిగినట్టు కాదు. సస్పెన్షన్ అనే మందులో పొడి తేలుతూ మాత్రమే ఉంటుంది, నిలవుంటే అడుగుకు దిగుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ సస్పెన్షన్‌నే తీసుకోండి. కదపకుండా పోస్తే మొదట్లో చెంచాలో మందు తక్కువ, ఫిట్స్ రావచ్చు. సీసా చివరికొచ్చేసరికి మందు ఎక్కువ, తూలు, మత్తు. డాక్టరుగారు రాసిన మోతాదు ఒకటే, కడుపులోకి పోయింది రెండు రకాలు! "షేక్ వెల్" అని సీసామీద ఉంటుంది గాని, అద్దాలు పెట్టుకుని చదివేదెవరు? మనవళ్లకిచ్చే యాంటీబయాటిక్ పొడిసీసాకైతే కాచి చల్లార్చిన నీరు గీతకు కాస్త తక్కువగా పోసి, బాగా కుదిపి, నురగ అణిగాక గీతదాకా నింపాలి.

కుదిపినా బాగుపడనిది ఒకటుంది. హెపటైటిస్-బి టీకాలో అసలు ప్రోటీను అల్యూమినియం జెల్ రేణువులకు అంటుకుని ఉంటుంది. అది ఒకసారి గడ్డకట్టిందంటే రేణువులు ముద్దలవుతాయి. కరిగాక ఎంత కుదిపినా మునుపటిలా విడవవు, టీకా పనికిరాదు. అందుకే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు. దుకాణంలో కొని డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లేవారు దాన్ని ఫ్రీజరులో పెట్టవద్దు, ఐసుగడ్డకు నేరుగా ఆనించవద్దు.