వర్తకులును సర్కారు బడియును

(వార్షిక మహాసభ రెండవనాటి సమావేశమున చేసిన ఉపన్యాసము)



విద్యావిషయమును గురించి ప్రసంగింపుడని మమ్ము కోరిన కార్యనిర్వాహకవర్గము వారికి మా కృతజ్ఞత. విద్య యనగానే మన సభలలో సాధారణముగ వినవచ్చు మాటలు మూడు: విద్యార్థివసతిగృహము, ఉపకారవేతనము, పరీక్షలలో మొదటి తరగతిని తేరిన పిల్లలకు బహుమానము. ఈ మూడును మంచివే. ఆ నిధులకు మేమును చందాలిచ్చినవారమే. కాని నేడు వానిని గురించి చెప్పబోము. మన యంగళ్ల కెదురుగను, మన మగ్గపువీథుల చివరను నిలిచియున్న సర్కారు బడిని గురించి చెప్పదలచితిమి. మనలో వ్యాపారము చేయువారును, మరమగ్గములు నడుపువారును, పదిమందికి పని చూపువారును ఆ బడి బాగును తమ సొంతపనిగ నెంచుకొనవలెనని మా మనవి.

“మా పిల్లలు ఆ బడికి పోవుటలేదు గదా, మాకేమి సంబంధము?” అని కొందరందురు. ఈ ప్రశ్నకు సమాధానమునకై దూరము పోనక్కరలేదు. అది మన కులచరిత్రలోనే కలదు.

మద్రాసునందలి త్యాగరాయనగరమునకు ఎవరి పేరు పెట్టబడినదో యెరుగనివారు ఈ సభలో నుండరు. పిట్టి త్యాగరాయ చెట్టిగారు 1852 లో తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిరి. నేతశాల నడిపిరి. 1909 లో దక్షిణభారత వాణిజ్యమండలిని స్థాపించినవారిలో నొకరై, 1910 మొదలు 1921 వరకు దాని కధ్యక్షులుగ నుండిరి. నలువది సంవత్సరములు మద్రాసు పురపాలకసంఘమున సభ్యులుగ నుండి, దానికిని అధ్యక్షులైరి. రాజకీయములలో వారితో నేకీభవింపనివారు నాడును గలరు, నేడును గలరు. ఆ చర్చ యిచట నప్రస్తుతము. మేము చెప్పబోవునది ఒక్క అణా సంగతి.

1920 సెప్టెంబరులో, చెట్టిగారి అధ్యక్షతన, మద్రాసు పురపాలకసంఘము ఒక తీర్మానము చేసినది. థౌజండ్ లైట్స్ పేటలోని పురపాలక పాఠశాలయందు చదువు పిల్లలకు, తల కొక్కింటికి దినమునకు అణాకు మించని వ్యయముతో ఫలహారము పెట్టవలెననునదే ఆ తీర్మానము. పిల్లలు నిరుపేదలు, ఆ పేదరికముచే బడిలో సంఖ్య తగ్గుచున్నదని చెట్టిగారు కారణము చెప్పిరి. వర్తకుడు లెక్క చూచు రీతినే వారు చూచిరి. గదియున్నది, బల్లయున్నది, ఉపాధ్యాయునికి జీతము ముట్టుచున్నది. కాని కూర్చుండవలసిన పిల్లవాడు రాకున్నచో ఆ పెట్టుబడి యంతయు వ్యర్థమే. ఒక్క అణా కలిపినచో తక్కిన ఖర్చు ఫలించును.

ఏర్పాటు పిమ్మట మరి నాలుగు బడులకు వ్యాపించినది. 1922-23 లో 811 గా నున్న పిల్లల సంఖ్య 1924-25 నాటికి 1,671 అయినది. రెండేండ్లలో రెట్టింపునకు మించినది! అయినను, ప్రాథమిక విద్యానిధినుండి ఈ వ్యయము చేయరాదని ప్రభుత్వము ఆక్షేపింపగా 1925 ఏప్రిలున అది నిలిచిపోయినది. ఆనాటి మంత్రివర్గము చెట్టిగారి పక్షమువారిదే యగుట గమనింపదగినది. ఆ సంవత్సరమే చెట్టిగారును దివంగతులైరి. తరువాత మరల కొంతకొంత సాగినను, దేశమందలి సర్కారు ప్రాథమిక పాఠశాలలన్నిటను వండిన భోజనము పెట్టవలెనని సుప్రీంకోర్టు ఉత్తరువు చేయుటకు 2001 నవంబరు 28 వరకు వేచియుండవలసివచ్చినది. ఎనుబదియొక్క సంవత్సరములు! ఒక వర్తకుని బుద్ధికి 1920 లోనే తోచినది దేశమున కంతటికి చట్టముగ వచ్చుటకు ఇంత కాలము పట్టినది.

ఆ బడి పురమునది; ఏ కులమునకును చెందినది కాదు. వాణిజ్యమండలి అధ్యక్షపీఠమున కూర్చున్నవారే పురపాలక పాఠశాలలోని పిల్లవాని ఆకలినిగూర్చియు ఆలోచించిరి. ఈ రెండు పనులును ఒక్క మనుష్యునివే యగుట మనకు ముఖ్యము.

ధనవంతులు విద్యకు దానము చేయుట మన దేశమున క్రొత్త కాదు. 1794 లో గతించిన పచ్చయప్ప మొదలియారుగారి ధర్మనిధితో మద్రాసున 1842 లో పాఠశాల వెలసినది. అది మహాకళాశాలగ పెరిగినది. కాని 1947 వరకు అందు హిందువులకు మాత్రమే ప్రవేశము. జంషెడ్జీ టాటాగారి సంకల్పము వలన బెంగుళూరున 1909 లో విజ్ఞానమందిరము నెలకొన్నది. ఇవి గొప్పవి, కాదనువా రెవరు? అయినను మేడ పైయంతస్తునకు దాత లెందరో దొరికిరి, పునాదికి దొరికినవారు తక్కువ. పునాది సర్కారు సొమ్మని అందరమును ఊరకుంటిమి.

ఇంగ్లండునందును ఇట్టి యుదాహరణ మొకటి కలదు. 1870 నాటి ప్రాథమిక విద్యాచట్టమును పార్లమెంటులో ప్రవేశపెట్టిన ఫార్‌స్టరుగారు బ్రాడ్‌ఫర్డునందలి ఉన్నిబట్టల మిల్లుదారు. దేశమున పరిశ్రమలు వృద్ధినొందుట ప్రాథమిక విద్యపై నాధారపడియున్నదని వారు సభలో వాదించిరి. ఆయనయు మగ్గము నమ్ముకొన్నవాడే యగుటచే ఈ సంగతి మాకు ప్రత్యేకముగ నచ్చినది.

ఇక మన కాలమునకు వత్తము. 2009 లో ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము వచ్చినది. 2010 ఏప్రిల్ 1 నుండి అమలగుచున్నది. ఆంధ్రప్రదేశమున 2019 లో ‘నాడు-నేడు’ అనియు, తెలంగాణమున 2022 లో ‘మన ఊరు-మన బడి’ అనియు బడుల బాగుకై పథకములు మొదలైనవి. ఎన్నియో బడులకు గోడలు, నీళ్లు, మరుగుదొడ్లు, పంఖాలు వచ్చినవి. సంతోషమే. అయితే గోడల లోపల జరుగునది వేరు లెక్క. గ్రామములలో నింటింటికి పోయి పిల్లలచేత చదివించి చూచు అసర్ వారి 2024 నివేదిక ప్రకారము, దేశమందలి సర్కారు బడులలో అయిదవ తరగతి పిల్లలు నూటికి 44.8 మంది మాత్రమే రెండవ తరగతి పాఠమును చదువగలిగిరి. అనగా సగముకన్న నెక్కువమంది చదువలేకపోయిరి. నూరు రూపాయల సరుకులో ఏబదియైదు రూపాయల సరుకు చెడినదని గుమాస్తా చెప్పినచో మనలో నెవరమైనను ఆ రాత్రి నిద్రపోవుదుమా?

మా యనుభవ మొకటి విన్నవించెదము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక నేతపట్టణమున, పేరు చెప్పనవసరము లేదు, మేము కొందరము కలిసి మగ్గపువీథి బడికి బల్లలు చేయించి యిచ్చితిమి. ప్రతి బల్లకును వెనుక మా పేర్లు రంగుతో వ్రాయించితిమి. పత్రికలలో ఛాయాచిత్రములు పడినవి. మరుసటి యేడు ఆ దారిని పోవుచు లోనికి పోయి, అయిదవ తరగతి బాలికను పిలిచి, బల్లమీది పేరు చదువుమంటిమి. ఆ పాప వ్రేలితో అక్షరములను తడవి తడవి, మొదటి రెండక్షరములు పలికి, తల వంచుకొన్నది. బల్ల చెక్కు చెదరలేదు, రంగు పోలేదు. మేము చేసిన తప్పు మా కప్పుడు తెలిసినది. మా పేరు చదువగల పిల్లను తయారుచేయు పనిలో మాకు భాగము లేకపోయినది. మే మిచ్చినది కలప మాత్రమే.

ఆ పాప రేపు ఎక్కడికి పోవును? మన దుకాణములకే, మన మరమగ్గముల షెడ్లకే, మన రంగుల కార్ఖానాలకే వచ్చును. నిన్నటి పనివానికి చేయి చాలినది. నేటి పనివానికి చదువు కావలెను. రంగు డబ్బీమీది హెచ్చరిక చదువలేనివాడు తన కండ్లను పోగొట్టుకొనవచ్చును. గళ్లకాగితముమీద గీచిన జకార్డు నమూనాలో వరుస తప్పినచో చీర యంచంతయు చెడును. 2017 జూలై 1 న వస్తుసేవల పన్ను వచ్చిన నాటినుండి చిన్న కొట్టువానికిని లెక్క తెలిసిన మనిషి లేనిదే గడవదు. గుమాస్తాలు దొరకుటలేదని మనము ప్రతి సభలోను వాపోవుచున్నాము. వారెక్కడ తయారగుదురో ఆ చోటువంక మాత్రము చూడము. కొనుగోలుదారుల సంగతియు నింతే. చదివి నాలుగు రూపాయలు సంపాదించువాడే మన చీర కొనును.

మరియొక మాట చెప్పవలసియున్నది, కొందరికి కష్టముగ నుండవచ్చును. 2016 నాటి సవరణతో, పదునాలుగేండ్లలోపు పిల్లలను ఏ పనిలోను పెట్టరాదని చట్టమైనది. బడివేళలు కాక ఇంటివృత్తిలో సాయము వదలబడినది. ఇంటివృత్తి యను ఆ సందును మనలో కొందరు తలుపుగ చేసికొనలేదా? కండెలు చుట్టు పిల్ల బడిలో పేరు కలిగి, మగ్గము చెంత పని కలిగియున్నచో, బడి బాగుపడలేదని అధికారులను నిందించుట మనకు తగదు.

“ఇప్పటికే పన్నులు కట్టుచున్నాము, ఇంకను మేమే మోయవలెనా?” యను ప్రశ్న న్యాయమైనదే. 2004 నుండి విద్యాసుంకము కట్టుచున్నాము. 2018 నుండి ఆదాయపుపన్నుమీద ఆరోగ్యవిద్యాసుంకముగ నూటికి నాలుగు చొప్పున చెల్లించుచున్నాము. అందుచేతనే మేము మరి కొంత యిండని అడుగుటలేదు. ఇచ్చిన సొమ్మునకు లెక్క అడుగుడని చెప్పుచున్నాము. పెద్ద కంపెనీలవారి విషయము వేరు. 2013 కంపెనీల చట్టము 135వ ప్రకరణము ప్రకారము, నికరలాభము అయిదుకోట్లయినను, అమ్మకములు వేయికోట్లయినను, నికరవిలువ అయిదువందల కోట్లయినను దాటినవారు గత మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండు సామాజికకార్యములకు వినియోగింపవలెను. విద్యయు ఆ కార్యములలోనిదే. ఆ సొమ్ము ఎచటికి పోవుచున్నదో మన పోషకులలో తగినవారు చూచుకొందురు గాక. రంగులకును శిలాఫలకములకును పోవుచున్నచో మా బల్లల కథను జ్ఞప్తి చేసికొనవలెను.

మన చేతిలో ధనముకన్న గొప్పది మరియొకటి కలదు. అది మన మాట. వర్తకసంఘములవారు మంత్రుల దర్శనమునకు ఏటేటను పోవుదురు. విద్యుచ్ఛక్తి ధర తగ్గింపుడందురు, నూలుమీది పన్ను తగ్గింపుడందురు. మేమును అట్టి రాయబారములలో పోయియున్నాము. కాని ‘మా పట్టణపు బడిలో ఉపాధ్యాయుల ఖాళీలు ఎన్ని? ఎప్పటికి నింపెదరు?’ అని యడిగిన రాయబార మొక్కటియు మేమెరుగము. బీదతల్లి యడిగినచో గుమాస్తా వినడు. మన మడిగినచో వినును. ఈ సత్యము చెప్పుకొనుటకు సిగ్గుగ నున్నను, సత్యమే.

విద్యాహక్కు చట్టము 21వ ప్రకరణమున పాఠశాలకు యాజమాన్యసంఘ మేర్పరుపబడినది. అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే, సగము స్త్రీలు. ఆ తల్లిదండ్రు లెవరు? మన షెడ్లలో పనిచేయువారే. సమావేశమునకు పోయినచో పూటకూలి పోవునని వారు పోరు. ఆ పూట కూలి కోయకుండ పంపుటకు మనకు ఎవరి యనుమతియు నక్కరలేదు, చట్టము నక్కరలేదు. ఇరువది మగ్గములవారికి నెలకు దీనివలన కలుగు నష్టమెంతో మీరే లెక్కవేయుడు. చెట్టిగారి అణాకన్న పెద్దది కాబోదు.

నెల క్రిందట మేము ఆ బడికి మరల పోయితిమి. ఇప్పుడున్న ఉపాధ్యాయిని రెండు తరగతులను ఒక్కగదిలో కూర్చుండబెట్టి బోధించుచున్నది. “అమ్మా, ఏమి కావలెను? బల్లలా, బీరువాలా?” అంటిమి. “బల్లలు చాలును బాబుగారూ! మీరు పెద్దల వద్దకు పోవునప్పుడు, ఈ బడికి మరియొక ఉపాధ్యాయుని వేయుమని ఒక్క మాట చెప్పుడు, మేము వ్రాసిన కాగితములు మూడేండ్లనుండి తిరుగుచున్నవి” అని యామె చెప్పినది. అట్లే యని మాట యిచ్చి వచ్చితిమి. ఆ వినతిపత్రము వ్రాయించి తెచ్చినాము. పట్టణమందలి వర్తకులందరి పేరను అది పోవలెనని మా కోరిక. కార్యదర్శిగారి బల్లమీద నుంచినాము. భోజనమునకు లేచుటకు ముందు సంతకములు చేయ ప్రార్థించుచున్నాము.